పాటకు బొమ్మ కట్టే విజ్ఞానం



మీలో చాలామంది సెల్‌ఫోన్‌తో వీడియో తీసే ఉంటారు. పాట పెట్టి, దానికి తగ్గట్టు అడుగులు వేసి, దాన్ని స్నేహితులకు చూపించి మురిసిపోయే ఉంటారు. అయితే ఒక్క పాటను బొమ్మగా మార్చడంలో ఎంత భౌతికశాస్త్రం దాగి ఉందో ఎప్పుడైనా ఆలోచించారా? మాకు ఆ ఆలోచన అనుకోకుండా వచ్చింది. ఆ సంగతే ఈ పాఠం.

నేను కామారెడ్డి జిల్లా లింగంపేటలో సైన్సు చెప్పే పంతులును. బతుకమ్మ పండుగ ముందు మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు పాట వీడియో ఒకటి తీయాలనుకున్నారు. పాట వాళ్లలో ఒకమ్మాయికి అమ్మమ్మ నేర్పింది. ముందుగా తలుపులు మూసిన గదిలో ఆ అమ్మాయి పాడగా రికార్డు చేశారు. తరువాత చెరువు కట్టకు వెళ్లారు. కెమెరా పక్కన స్పీకరు పెట్టి పాట మోగించారు. 50 మీటర్ల దూరంలో కట్ట మీద అమ్మాయిలు వరసగా నిలబడి, పాటకు పెదవులు కదుపుతూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు దిగులుగా నా దగ్గరికి వచ్చారు.

"సార్, పాటకు, పెదవులకు కలుస్తలేదు. చప్పట్లు గూడ ఎనుకకు పడుతున్నయి. మేం సక్కగనే పాడినం సార్!"

నిజమే, వాళ్లు చక్కగానే పాడారు. తప్పు వాళ్లది కాదు. మరి ఎవరిది? అది తెలియాలంటే ముందు వీడియో అంటే ఏమిటో తెలియాలి.

కదలని బొమ్మల కదలిక

వీడియోలో కదిలే బొమ్మ ఒక్కటి కూడా లేదు! ఉన్నవన్నీ కదలని బొమ్మలే. కెమెరా సెకనుకు 24, 25 లేదా 30 బొమ్మలు తీస్తుంది. ఒక్కొక్క బొమ్మను 'ఫ్రేము' అంటారు. వాటిని అంతే వేగంతో ఒకదాని వెంట ఒకటి చూపితే మనకు కదలిక కనిపిస్తుంది.

పూర్వం దీనికి 'దృష్టి స్థిరత' ఒక్కటే కారణమని చెప్పేవారు. అంటే కంటిపై పడిన బొమ్మ మాయమైనా దాని ముద్ర కొద్దిసేపు నిలిచి ఉండడం. అది కథలో సగమే. కొద్దికొద్దిగా మారుతున్న బొమ్మలు వరసగా వస్తే, వాటి మధ్య ఉన్న ఖాళీని మన మెదడే పూరించుకొని 'ఇది కదులుతున్నది' అని నిర్ణయిస్తుందని నేడు మనకు తెలుసు. లూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28న పారిస్‌లో టిక్కెట్టు పెట్టి చూపిన చిత్రాలైనా, మీ ఫోన్‌లోని వీడియో అయినా ఆధారపడేది మెదడు చేసే ఈ పని మీదనే.

మన లెక్కకు సెకనుకు 25 ఫ్రేములు అనుకుందాం. అప్పుడు ఒక్కొక్క ఫ్రేముకు 1/25 సెకను, అంటే 0.04 సెకను. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి. మన దొంగను పట్టించేది ఇదే.

పెదవులు ఎందుకు వెనకబడ్డాయి?

గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. స్పీకరు నుంచి బయలుదేరిన పాట 50 మీటర్ల దూరంలోని అమ్మాయిల చెవికి చేరడానికి 50 ÷ 340, అంటే సుమారు 0.15 సెకను పట్టింది. వాళ్లు విన్నప్పుడే పెదవి కదిపారు. ఆ కదలికను కెమెరాకు మోసుకొచ్చింది కాంతి. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. సెకనును కోటి భాగాలు చేస్తే, 50 మీటర్లు రావడానికి దానికి అందులో రెండు భాగాలు కూడా పట్టవు. కాబట్టి కాంతి ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

కెమెరా పక్కనే స్పీకరు ఉంది గనుక ఫోన్‌కు పాట వెంటనే వినబడింది. పెదవి మాత్రం 0.15 సెకను ఆలస్యంగా కదిలింది. దాన్ని 0.04తో భాగించండి. దాదాపు నాలుగు ఫ్రేములు! పాటకు, పెదవికి మధ్య దూరిన దొంగ ధ్వని వేగమే.

మందు కూడా సులభమే. రెండోసారి స్పీకరును అమ్మాయిల దగ్గరే, కెమెరాకు కనిపించకుండా పెట్టాం. పాటకు ముందు 'టక్, టక్, టక్' అని మూడు దెబ్బలు రికార్డు చేశాం. మూడో దెబ్బకు ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది. తరువాత కంప్యూటరులో ఆ రెండు చేతులు కలిసిన ఫ్రేమును వెతికి, అసలు పాటలోని మూడో 'టక్'ను దానికి జత చేశాం. దూరంగా ఉన్న ఫోన్ తీసుకున్న శబ్దాన్ని పూర్తిగా తీసేశాం. పెదవి, పాట ఒక్కటయ్యాయి!

సినిమావాళ్లు 'క్లాప్' కొట్టడం చూశారు కదా? అది కేవలం వేడుక కాదు. పలక మూసుకున్న ఫ్రేమునూ, ఆ 'టప్' మన్న శబ్దాన్నీ జత చేయడానికే అది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఆ తొలి టాకీల కాలంలో నటులు కెమెరా ముందే పాడేవారు. పాటను ముందుగా రికార్డు చేసి, దానికి నటించడం తరువాత వచ్చిన పద్ధతి. 2023లో ఆస్కారు పొందిన 'నాటు నాటు' పాటకు నటులు 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఒక ప్యాలెస్ ముందు చిందు వేశారు. అక్కడ మోగిందీ ముందే రికార్డయిన పాటే.

గదిలో చారలు

రెండో చిక్కు గదిలో వచ్చింది. ఎల్ఈడీ దీపం కింద తీసిన వీడియోలో అడ్డంగా నల్లని చారలు పైకీ కిందికీ పాకాయి. దీపం చెడిపోయిందా? లేదు.

మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ఒక్కొక్క ఆవర్తనంలో ప్రవాహం రెండుసార్లు గరిష్ఠానికి చేరుతుంది కాబట్టి చవక దీపం సెకనుకు 100 సార్లు పెరిగి తరుగుతుంది. మన కంటికి అది తెలియదు. ఫోన్ కెమెరా బొమ్మను ఒక్కసారిగా కాక, వరస తరువాత వరసగా చదువుతుంది. కాంతి తగ్గినప్పుడు చదివిన వరసలు నల్లగా, పెరిగినప్పుడు చదివినవి తెల్లగా వస్తాయి. కెమెరాలో షట్టరు సమయాన్ని 1/50 లేదా 1/100 సెకనుగా పెట్టండి. అప్పుడు ప్రతి వరసకూ పూర్తి పెరుగుదల, పూర్తి తరుగుదల సమానంగా అందుతాయి. చారలు మాయమవుతాయి.

కంప్యూటరు లేని మాయలు

మూడో కోరిక పెద్దది. మా ఊళ్లో 'నాగన్న బావి' అనే పాత మెట్ల బావి ఉంది. అంతస్తులుగా కట్టిన ఆ రాతి మెట్లు, కమానులు చూడముచ్చటగా ఉంటాయి. బావి అంచున, మెట్ల మీద బతుకమ్మ ఆడాలని అమ్మాయిల కోరిక. నేను ఒప్పుకోలేదు. అడుగున లోతైన నీరు, వానలకు పాకుడు పట్టిన మెట్లు. తలల మీద బతుకమ్మలు, కళ్లు కెమెరా వైపు. ఒక్క కాలు జారితే? మంచి ఫోటో కోసం, వీడియో కోసం బావుల దగ్గర, రైలు పట్టాల మీద, ప్రాజెక్టుల అంచున ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

"మరెట్ల సార్?" అన్నారు.

"బావి దగ్గరికి మీరు పోవద్దు. బావినే మీ దగ్గరికి తెద్దాం" అన్నాను.

అది కొత్త మాయ కాదు. 1957లో విజయా సంస్థ తీసిన 'మాయాబజార్'ను మీ తాతయ్యలను అడగండి. దర్శకుడు కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. ఘటోత్కచుడుగా ఎస్.వి.రంగారావు పెళ్లి విందు ఆరగించే పాటలో పళ్లాలు, లడ్డూలు వాటంతట అవే కదులుతాయి. అదంతా కంప్యూటరు లేకుండా తీసినదే. అందులోనే పడవ పాటలో కనిపించే వెన్నెల కూడా నిజమైన వెన్నెల కాదు. పౌర్ణమి వెన్నెల సూర్యకాంతిలో సుమారు 4 లక్షల వంతు మాత్రమే. ఆనాటి ఫిల్ము మీద బొమ్మ పడడానికి అది ఏ మూలకూ చాలదు. ఉన్న వెలుతురునే తగ్గించి, మలిచి, వెన్నెల అనిపించేలా చేశారు.

అప్పటి ముఖ్యమైన కిటుకుల్లో ఒకటి 'మాస్క్'. కటకం ముందు సగం మూసి, ఫిల్ములో ఒక సగం మీదనే బొమ్మ పడనిస్తారు. ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి రెండో సగం మూసి తీస్తారు. ఒకే నటుడు ఒకే బొమ్మలో ఇద్దరుగా కనిపిస్తాడు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా గుట్టు రట్టే! ఒకే నటుడు అన్నదమ్ములిద్దరుగా కనిపించే పాత సినిమాల వెనుక ఉన్నది ఈ ఓపికే. నేటి సాఫ్ట్‌వేరు చేసేదీ మాస్కు పనే. అట్టముక్కకు బదులు అంకెలతో చేస్తుంది.

బావిని బడికి తెచ్చాం

కెమెరా లోపల కటకం వెనుక లక్షలాది చిన్న చిన్న కాంతి గ్రాహకాలున్న పలక ఉంటుంది. ఒక్కొక్క గ్రాహకంపై ఒక రంగు వడపోత ఉంటుంది. నాలుగు గ్రాహకాల చతురస్రంలో ఒకటి ఎరుపు, ఒకటి నీలం, రెండు ఆకుపచ్చ. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంటు పొందాడు. ఆకుపచ్చకు రెండెందుకు? మన కన్ను ఆ రంగు ప్రాంతంలోనే ఎక్కువ సున్నితం కాబట్టి.

చివరికి బొమ్మలోని ప్రతి బిందువూ మూడు అంకెలవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో 0 నుంచి 255 వరకు కొలిచిన అంకెలు. ఉదాహరణకు, ఆకుపచ్చ గుడ్డ మీది బిందువు 40, 180, 60 అనుకుందాం. అమ్మాయి చెంప మీది బిందువు 190, 140, 110 అనుకుందాం. ఇప్పుడు కంప్యూటరుకు ఒక నియమం చెబుతాం: "ఆకుపచ్చ అంకె మిగతా రెండింటికన్నా కనీసం 50 ఎక్కువుంటే ఆ బిందువును తీసేసి, అక్కడ బావి బొమ్మలోని బిందువును పెట్టు." గుడ్డ విషయంలో 180 నుంచి 60 పోతే 120. కాబట్టి తీసేస్తుంది. చెంపలో ఎరుపే ఎక్కువ. కాబట్టి ఉంచుతుంది.

బడి ఆవరణలో ఆకుపచ్చ గుడ్డ కట్టాం. గుడ్డ నుంచి రెండు మీటర్లు ముందుకు వచ్చి అమ్మాయిలు ఆడారు. మరీ దగ్గరుంటే గుడ్డ మీది పచ్చని కాంతి చెంపల మీద పడుతుంది. ఖాళీ బావిని నేనే పైన దూరంగా స్టాండు వేసి తీసుకొచ్చాను. రెంటినీ కలిపాం. బావి వచ్చింది, అమ్మాయిలు వచ్చారు. కానీ బతుకమ్మ సగమే వచ్చింది! కింద పరిచిన గుమ్మడి ఆకులు మాయం. పూలు గాలిలో తేలుతున్నాయి.

ఎందుకో మీరే చెప్పగలరు. ఆకులోనూ ఆకుపచ్చ అంకె ఎక్కువ. కంప్యూటరుకు అది గుడ్డో, గుమ్మడాకో తెలియదు. నియమం ఒక్కటే తెలుసు.

"అయితే నీలం గుడ్డ కడదాం సార్" అన్నది ఒకమ్మాయి.

"కట్ల పూలు పోతయి గదనే!" అన్నది పక్కనున్న పిల్ల.

నాకెంత సంతోషమైందో! కట్ల పూలు నీలం. నియమాన్ని వాళ్లు అర్థం చేసుకున్నారు. చివరికి నీలం గుడ్డే కట్టి, ఆ రోజు బతుకమ్మను తంగేడు, బంతి, తెల్లని గునుగు పూలతో పేర్చారు. బొమ్మలో లేని రంగునే తెరకు ఎన్నుకోవాలి, అదీ సూత్రం. ఇది కూడా పాతదే. 1940లో వచ్చిన 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రంలో లారీ బట్లర్ నీలం తెర వాడి ఆస్కారు అందుకున్నాడు. మన తెలుగులో 2012లో వచ్చిన 'ఈగ'లో ఈగను కంప్యూటరులోనే సృష్టించారు. దానికి స్పెషల్ ఎఫెక్టులకు జాతీయ అవార్డు వచ్చింది.

ఇందుకు ఖరీదైన సాఫ్ట్‌వేరే కావాలని లేదు. బ్లెండర్, కేడెన్‌లైవ్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. బ్లెండర్‌తో తయారైన 'ఫ్లో' అనే చిత్రం 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కారు గెలిచింది.

నీడ పట్టించింది

అన్నీ కలిశాయి. అయినా బొమ్మ ఎందుకో అతికినట్టు లేదు. చాలాసేపు చూశాక ఒకమ్మాయి కనిపెట్టింది. బావి రాళ్ల నీడలు పొడుగ్గా ఉన్నాయి, అమ్మాయిల నీడలు పొట్టిగా ఉన్నాయి. నేను బావిని తీసింది పొద్దున్నే. అమ్మాయిలు ఆడింది మధ్యాహ్నం.

సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే 1 మీటరు కర్ర నీడ 1 మీటరే. 30 డిగ్రీల ఎత్తులో ఉంటే 1.73 మీటర్లు. పొద్దున నీడ పడమటికి, సాయంత్రం తూర్పుకు. రెండు బొమ్మలకు ఒకే సూర్యుడు కావాలి! మర్నాడు బావిని తీసిన వేళకే, నీడ దిక్కు చూసుకొని, కెమెరాను అదే ఎత్తులో పెట్టి మళ్లీ తీశాం. అప్పుడు నిజంగా బావి దగ్గరే ఆడినట్టు వచ్చింది. బొమ్మ చివర పాట నేర్పిన అమ్మమ్మ పేరు వేశారు. దాన్ని చూసి ఆమె కళ్లు తుడుచుకుంది. పాట ఎవరిదో చెప్పడం కూడా పాట తీయడంలో భాగమే.

చిరుత వచ్చింది!

ఇక్కడితో ఆపితే సగం పాఠమే చెప్పినవాణ్నవుతాను.

వారం తిరక్కుండా ఊరంతా ఒక వీడియో తిరిగింది. మా బడి గోడ పక్కన చిరుతపులి నిలబడి ఉంది! మర్నాడు బడికి సగం మంది పిల్లలు రాలేదు. మక్క కంకులు విరవడానికి కూలికి పోవలసిన ఆడవాళ్లు ఇళ్లలోనే ఉండిపోయారు. మా పక్క అడవుల్లో చిరుతలున్న మాట నిజమే కాబట్టి అందరూ నమ్మారు.

నేను వచ్చిన పిల్లలను కూర్చోబెట్టి, "కనిపెట్టండి" అన్నాను. వీడియోను కంప్యూటరు తెర మీద ఆపాం. ఒకరు స్కేలు పెట్టి కొలిచారు. తెర మీద గోడ 10 సెంటీమీటర్లు, దాని పాదం దగ్గరే నిలబడ్డ చిరుత భుజం 8 సెంటీమీటర్లు. మా గోడ అసలు ఎత్తు 150 సెంటీమీటర్లు. అంటే చిరుత భుజం ఎత్తు 120 సెంటీమీటర్లు! పెద్ద చిరుత కూడా భుజం దగ్గర సాధారణంగా 80 సెంటీమీటర్లు దాటదు. ఇంకొకరు నీడ చూశారు. గోడ నీడ ఎడమకు, చిరుత నీడ కుడికి. అబద్ధం బయటపడింది.

వెనక బెంచీలో ఒక అబ్బాయి తల వంచుకున్నాడు. నవ్వించడానికే చేశానన్నాడు. నేను తిట్టలేదు. "మీ అమ్మ నిన్న పనికి పోయిందా?" అని అడిగాను. "పోలేదు సార్" అన్నాడు. అతని చేతిలోని మాయ అతని ఇంట్లోనే ఒకరోజు కూలి తినేసింది. ఆ సాయంత్రం అతనే ఇంటింటికీ తిరిగి నిజం చెప్పాడు. నేను వెంట వెళ్లాను.

పిల్లలూ, బావిని బడికి తెచ్చినదీ, చిరుతను గోడ పక్కకు తెచ్చినదీ ఒకే విద్య. ఒకటి ప్రమాదాన్ని తప్పించింది, ఒకటి భయాన్ని పంచింది. నేడు రాసిన మాటల నుంచే బొమ్మను పుట్టించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అవి నీడను కూడా సరిగ్గానే వేయవచ్చు. కాబట్టి కొలతతో పాటు ప్రశ్న కూడా కావాలి. ఎవరు తీశారు? ఎప్పుడు? ఎక్కడ? చూసినవారు ఇంకెవరైనా ఉన్నారా? జవాబు దొరికేదాకా ఇతరులకు పంపకండి. ఎవరి ముఖాన్నయినా వారి అనుమతి లేకుండా బొమ్మల్లో వాడకండి.

చేసి చూడండి

1. ఒక స్నేహితుణ్ని 100 మీటర్ల దూరంలో నిలబెట్టి రెండు పళ్లాలు కొట్టమనండి. ఫోన్‌తో వీడియో తీయండి. పళ్లాలు తాకిన ఫ్రేముకూ, శబ్దం వినబడిన ఫ్రేముకూ మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కించండి. దాని నుంచి ధ్వని వేగం కనుక్కోండి.

2. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములతో తీసి, సెకనుకు 24 చొప్పున చూపితే కదలిక ఎన్ని రెట్లు నెమ్మదిగా కనిపిస్తుంది? నీటి చుక్క పడడాన్ని అలా తీసి చూడండి.

3. 1920 × 1080 బిందువుల బొమ్మ, బిందువుకు 3 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు. 4 నిమిషాల పాటకు ఎన్ని బైట్లు కావాలి? సుమారు 3,732 కోట్లని వస్తుంది. మరి మీ ఫోన్‌లో ఆ పాట అంతకన్నా ఎంతో తక్కువ చోటులో ఎలా ఇమిడింది? వరస ఫ్రేముల్లో మారనిది ఎంత, మారినది ఎంత అని ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది.